గోడ మీద ఎర్ర రంగు కొట్టమని ఎవరు చెప్పారు?

ఇవాళ మధ్యాహ్నం మా గుమ్మం పక్కన గోడ మీద ఎర్ర పెయింటుతో 'బి/11' అని రాసి, దాని చుట్టూ ఒక సున్నా చుట్టి పోయారు. అడగలేదు, చెప్పలేదు. ఇంట్లో మా అత్త ఒక్కతే ఉంది. "ఎవరబ్బయ్యా మీరు?" అంటే "సర్వే అమ్మా, బిల్డర్ గారు పంపించారు" అన్నారంట. శుక్రవారం కదా, పొద్దున్నే గడపకి పసుపు రాసి బొట్లు పెట్టింది ఆవిడ. పెయింటు కారి దాని మీద పడింది. థిన్నర్ పెట్టి రుద్దితే పసుపు పోయింది, పెయింటు మాత్రం అట్లాగే ఉంది.

మా కాలనీ ఇళ్లు కూల్చి కొత్తవి కడతానంటున్నాడు ఈ బిల్డరు. అసలు ఆయనెవరండీ మా గోడ మీద నంబర్లు వెయ్యడానికి? జనరల్ బాడీ జరగలేదు, తీర్మానం లేదు, అగ్రిమెంటు కాగితం ఎవరూ కళ్లతో చూడలేదు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. మావి నెల్లూరులో 1980ల్లో కట్టిన సహకార సంఘం ఇళ్లు. లాభం కోసం కట్టినవి కావు. బస్సు కండక్టర్లు, బియ్యం మిల్లు గుమాస్తాలు, ఎలిమెంటరీ స్కూలు పంతుళ్లు షేరు ధనం కట్టి, ఇళ్ల సంఘాలకి అప్పులిచ్చే హౌస్‌ఫెడ్ నుంచి లోను తెచ్చి, జీతంలో నెలనెలా కోత పెట్టించుకుని కట్టుకున్నవి. స్థలం సంఘం పేరు మీద ఉంది. మన బీరువాలో ఉండేది షేరు సర్టిఫికెట్టు, అలాట్‌మెంట్ లెటరు. చాలామందికి ఈ రోజుకీ రిజిస్ట్రేషన్ లేదు. బిల్డరుకి నోరూరేది అక్కడే. ఇంటింటికీ తిరిగి ఒప్పించక్కర్లేదు, కమిటీలో నలుగురిని టిఫినుకి పిలిస్తే చాలు.

బిల్డింగు పాతదైంది, కాదని ఎవరన్నారు? వంటింటి స్లాబు పెచ్చూడి పప్పుచారు గిన్నెలో పడిన ఇల్లు మాది. లోపల కడ్డీకి తుప్పు పడితే అది ఉబ్బుతుంది, ఉబ్బి కాంక్రీటుని బయటికి తోసేస్తుంది. ఆ పైన మేస్త్రీ ఎన్ని పూతలు పూసినా రెండు వానలకి మళ్లీ ఊడుతుంది. కూల్చి కట్టాలంటే కట్టండి. కానీ ఆ తుప్పు దానంతటదే వచ్చిందా? మిద్దె మీద ట్యాంకు ఏళ్ల తరబడి కారుతుంటే, స్లాబు నానిపోతోంది మహాప్రభో అని మొత్తుకుంటే, "రిపేరు ఫండులో డబ్బుల్లేవమ్మా" అన్నారు. ఇప్పుడు అదే నోటితో "శిథిలావస్థ, ప్రాణాలకి ప్రమాదం" అంటున్నారు. ఇంజనీరుగారు వచ్చి గోడని వేలి కణుపులతో టకటకా కొట్టి చూసిపోయాడు. బిల్డింగు బలం తేల్చే స్ట్రక్చరల్ ఆడిట్ అయిపోయిందంట. కాంక్రీటు గట్టిదనం చూసే హామర్ టెస్టు చెయ్యరా సార్ అంటే నన్ను ఎగాదిగా చూశాడు.

ఫండు యాడికి పోయిందో కాలనీలో చిన్నపిల్లల్ని అడిగినా చెప్తారు. ఆర్చికి పోయింది. గేటు దగ్గర నిలబడి తలెత్తి చూడండి. నల్ల గ్రానైటు పలక మీద బంగారు రంగు అక్షరాల్లో అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి, ఆ కింద కోశాధికారి బామ్మర్ది. ఆయన సంఘంలో సభ్యుడు కూడా కాదు. ఆర్చి ఎంత ముచ్చటగా కట్టారంటే, దాని కింద వాటర్ ట్యాంకరు పట్టదు. ఎండాకాలం మోటారు కాలిపోయినప్పుడు ట్యాంకరు రోడ్డు మీదే ఆగిపోతే, మోకాళ్ల నొప్పుల ముసలోళ్లు బిందెలు మోసుకుంటూ రెండో అంతస్తు ఎక్కారు. దాని మీద అడిగినందుకు నన్ను వాట్సాప్ గ్రూపులోంచి తీసేశారు, మళ్లీ మా ఆయన నంబరుతో చేరాను. 1964 సహకార చట్టంలో 51వ సెక్షన్ కింద సంఘం లెక్కల మీద ఎంక్వైరీ అని ఒకటుంది, అర్జీ పెడదాం రండి అంటే ఒక్కరూ సంతకం పెట్టలేదు. "మనకెందుకమ్మా గొడవలు" అంట.

సరే, ఆఫరు సంగతికొద్దాం. "450 చదరపు అడుగుల ఇంటికి 600 ఇస్తున్నారు, ఇంకేం కావాలి?" అని చప్పట్లు కొట్టారు మనవాళ్లు. అన్నల్లారా, ఇప్పుడున్న 450 మనం కాలు పెట్టి నడిచే జాగా. వాళ్లిచ్చే 600లో మెట్లు, లిఫ్టు, వరండా, గోడల మందం అన్నీ ఉన్నాయి. అందులో నూటికి ఇరవై ఐదో ముప్పయ్యో తీసేస్తే మిగిలేదెంతో వేళ్ల మీద లెక్కేసుకోండి. కొనేవాళ్లకి కార్పెట్ ఏరియా, అంటే ఇంటి లోపల వాడుకునే జాగా లెక్కే చెప్పాలని 2016లో బిల్డర్ల మీద రెరా చట్టం వచ్చింది. మనకి మాత్రం రంగుల బ్రోచర్ వచ్చింది, అందులో స్విమ్మింగ్ పూలు కూడా ఉంది. పింఛను మీద బతికే పంతులుగారు ఈదుతారు కాబోలు. లిఫ్టుకీ జనరేటరుకీ నెలనెలా మెయింటెనెన్స్ ఎవరు కడతారో మాత్రం అందులో లేదు.

కట్టేదాకా ఎక్కడుండాలి అని మా అత్త అడిగింది. "మీరే చూసుకోవాలమ్మా, ఎంత, 24 నెలలే కదా." ఈ మాట నెల్లూరోళ్లకా చెప్పేది? వెంకటేశ్వరపురంలో పేదలకని ప్రభుత్వం కట్టిన టిడ్కో ఇళ్లు చూసిన ఊరబ్బా ఇది. 300, 365, 430 చదరపు అడుగులని మూడు సైజులు చెప్పి, డీడీలు కట్టించుకుని, ప్రభుత్వాలు మారి, గోడల రంగులు మారి, జనం ఒక పక్క అద్దెలు కట్టుకుంటూ తాళాల కోసం ఏళ్లకేళ్లు ఎదురుచూశారు. ప్రభుత్వం చేతిలో పనే అట్లా నడిస్తే, విజిటింగ్ కార్డు ఒక్కటి చేతిలో పెట్టి పోయిన మనిషిని పట్టుకుని ఇల్లు ఖాళీ చెయ్యాలా?

మహారాష్ట్రలో సొసైటీ ఇళ్లు కూల్చి కట్టాలంటే అక్కడి సహకార చట్టం 79ఏ సెక్షన్ కింద 2009లోనే నియమాలు పెట్టారు, 2019లో మళ్లీ సవరించారు. మీటింగు వీడియో తియ్యాలి, బిల్డరు ప్రాజెక్టు ఖర్చులో 20 శాతానికి బ్యాంకు గ్యారంటీ ఇవ్వాలి అని పెట్టారు. ఆ జిరాక్సు తీసుకెళ్లి కార్యదర్శిగారికిస్తే "మనం బాంబేలో ఉన్నామామ్మా?" అన్నాడు. మరి రేటు చెప్పేటప్పుడు మాత్రం "బాంబే స్టైల్ ఎలివేషన్" అంటారేంటి సార్?

అన్నిటికంటే మండేది హైదరాబాద్ సభ్యులని చూస్తే. ఇల్లు అద్దెకిచ్చి, ఎప్పుడో సంక్రాంతికి వచ్చి, పక్కింట్లో ఎవరున్నారో కూడా ఎరగనివాళ్లు గ్రూపులో బొటనవేలు బొమ్మలు పెడుతున్నారు. 2015 నవంబరు వానలకి కింది ఇళ్లల్లో నీళ్లు నిలబడి, బియ్యం బస్తాలు మంచాల మీదికెక్కించుకున్నప్పుడు వీళ్లు "టేక్ కేర్" అని మెసేజ్ పెట్టారు. ఈరోజు "డెవలప్‌మెంట్‌కి అడ్డుపడొద్దు" అని నాకు నీతులు. వాళ్లింట్లో అద్దెకుంటూ ఇడ్లీ బండి పెట్టుకున్న అక్క సంగతేంటి? ఆమెకి షేరు లేదు, లెటరు లేదు, ఓటు లేదు. నెల్లూరులో ఈ అద్దెకి ఇంకో ఇల్లు చూపించండి, మీ అందరికీ నేనే టిఫిన్ పెట్టిస్తా.

ఆదివారం పది గంటలకి మీటింగంట. రిజిస్టరులో హాజరు సంతకం అని పెట్టించుకుని, ఆ సంతకాల పైన ఖాళీలో తీర్మానం రాసుకునే అలవాటు మనవాళ్లకుంది, పైన ఏముందో చూడకుండా పెన్ను పట్టకండి. హైదరాబాద్ పెద్దమనుషులు ఫోన్లో కలుస్తారంట. కలవండి, కానీ వీడియో ఆన్ చేసి కలవండి. ఆ ఇడ్లీ అక్క ముందు వరుసలో కూర్చుంటుంది, ఆమె మొహం చూసి చెప్పండి.