చర్చలో చక్రం తిప్పడం ఎలా?

మే నెల రాగానే రెండు సరుకులకు గిరాకీ పెరుగుతుంది. ఒకటి తాటిముంజలు. రెండోది, టీవీ చర్చలో కూర్చుని "భూమి వేడెక్కడం కొత్తేమీ కాదండీ, అంతా ప్రకృతి చక్రం" అని చెప్పగల పెద్దమనిషి. ముంజలకు లోటు లేదు. రెండో సరుకులోనే నాణ్యత పడిపోయింది. సిద్ధాంతం వాడకం తెలియక నలుగురిలో దొరికిపోతున్నారు. వాళ్ల మేలు కోరి కొన్ని జాగ్రత్తలు.

చక్రం అనండి, ఏ చక్రమో మాత్రం చెప్పకండి. పేరు చెప్పారో, దాని కాలమెంతని అడుగుతారు. కొందరు ఉత్సాహం ఆపుకోలేక మిలంకోవిచ్ చక్రాలంటారు. అవి నిజమైనవే, చిక్కంతా అక్కడే. భూకక్ష్య కోలగా సాగి మళ్లీ గుండ్రబడటానికి సుమారు 1,00,000 ఏళ్లు, అక్షం వాలు పెరిగి తగ్గడానికి 41,000 ఏళ్లు, బొంగరంలా తల ఒక చుట్టు తిప్పడానికి దాదాపు 26,000 ఏళ్లు. ఇప్పుడు వాలు 23.4 డిగ్రీలు, ఇంకా తగ్గుతోంది. ఉత్తరార్ధగోళంలో వేసవి ఎండ తారస్థాయికి చేరి దిగడం మొదలై 10,000 ఏళ్లయింది. ఆ లెక్కన భూమి మెల్లగా చల్లబడాలి. మీరు పిలిపించిన సాక్షే బోనెక్కి అవతలి పక్షం మాట చెప్తాడన్నమాట.

సూర్యుడి మీదికి నెట్టడం పాత చిట్కా. 11 ఏళ్ల చక్రంలో ఎండ బలం మారేది చదరపు మీటరుకు 1361 వాట్లలో ఒక వాటు. 1978 నుంచి ఉపగ్రహాలు కాపలా కాస్తున్నాయి, పెరిగిన దాఖలా లేదు. దానికి తోడు, ఎండకు ఇల్లు కాగితే ముందు డాబా కాగాలి కదా. ఇక్కడ డాబా చల్లబడుతోంది, కింది గది ఉడుకుతోంది. మధ్యలో ఎవరో కార్బన్ డయాక్సైడ్ దుప్పటి కప్పారని చిన్నపిల్లాడైనా చెప్తాడు. అందుకని ఆ డాబాకు, అంటే గాలి పై పొరకు, ఉన్న స్ట్రాటోస్ఫియర్ అనే పేరు మీ నోట రానివ్వకండి.

భూమి సగటు వేడి గ్రాఫు చూపాలంటే కత్తెర దగ్గరుంచుకోండి. 1998లో ఎల్ నినో, అంటే పసిఫిక్ సముద్రం అప్పుడప్పుడూ వేడెక్కే తంతు, గట్టిగా కాసింది. గీత సరిగ్గా ఆ ఏడు మొదలుపెట్టి 2012 దగ్గర కత్తిరిస్తే చాప పరిచినట్టు కనిపిస్తుంది. 1997లో గానీ 1999లో గానీ మొదలుపెట్టారో, చాప లేచి నిలబడుతుంది. ఈ సరుకుకు 2016తో గడువు తీరిపోయింది. కంగారొద్దు, కొత్త శిఖరంగా 2024 వచ్చింది. అక్కణ్నుంచి గీస్తే ఇంకొన్నేళ్లు గడుస్తాయి.

పాతకాలపు గాలిని దాచుకున్న అంటార్కిటికా మంచు కడ్డీల్లో వేడి ముందు, కార్బన్ డయాక్సైడ్ తర్వాత అన్న వాదన పదునైనదే. అయితే ఆ వాయువు అప్పట్లో ఎక్కణ్నుంచి వచ్చిందని అడగనివ్వకండి. ఎక్కువగా వేడెక్కిన సముద్రం వదిలింది. ఇప్పటి సముద్రం వదలడం లేదు సరిగదా, మనం వదిలినదాంట్లో దాదాపు పావు వంతు మింగి పులిసిపోతోంది. ఇంకో గండం కార్బన్‌-14. గాలిలో పుట్టే ఈ కార్బన్ రకం అర్ధాయువు 5,730 ఏళ్లు, అంటే అన్నేళ్లకోసారి సగానికి తగ్గిపోతుంది. సింగరేణి బొగ్గు వయసు 25 కోట్ల ఏళ్ల పైమాట, కాబట్టి అందులో కార్బన్‌-14 ఎప్పుడో నిండుకుంది. అలాంటి బొగ్గు కాలిస్తే గాలిలో దాని పాలు పలచబడుతుంది, నీళ్లు కలిపిన పాలలాగే. 1955లోనే హాన్స్ స్యూస్ అనే శాస్త్రవేత్త చెట్ల కలపకు లాక్టోమీటరు పెట్టి ఈ కల్తీ పట్టేశాడు. అగ్నిపర్వతం మీదికి తోసేద్దామంటే, దాని వాయువులోనూ కార్బన్‌-14 ఉండదు, నిజమే. కానీ ప్రపంచంలోని అగ్నిపర్వతాలన్నీ కలిసి ఏటా వదిలేది మనం వదిలేదాంట్లో నూటికి ఒక వంతు కూడా లేదు.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న సామెత ధైర్యంగా వాడుకోండి. ఏ డిగ్రీ దగ్గర పగులుతాయో పెద్దలు చెప్పలేదు. శీతకాలమైతే లంబసింగి ఫొటో చాలు. 2015 ఫిబ్రవరిలో భూమి వేడెక్కడం బూటకమనే సెనెటర్ ఇన్‌హాఫ్ ఏకంగా అమెరికా సెనెట్‌లోకి మంచుముద్ద పట్టుకొచ్చి విసిరాడు, మనకు ఫొటో ఏం లెక్క? అన్నట్టు, గాలివానకు కరెంటు స్తంభం ఒరిగినా గ్లోబల్ వార్మింగేననే వక్త ఎదుటి కుర్చీలో దొరికితే మీరు సగం గెలిచినట్టే.

ఒక్కటి మాత్రం వద్దు. పంచాంగం తీయకండి. హవాయిలోని మౌనా లోవా కొండ మీద చార్లెస్ కీలింగ్ అనే శాస్త్రవేత్త గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కొలవడం మొదలుపెట్టింది 1958 మార్చి చివర్లో, మన ఉగాది దాటిన కొద్ది రోజులకే. అది విళంబి నామ సంవత్సరం, లెక్క సుమారు 315 పీపీఎం, అంటే గాలిలో పది లక్షల పాళ్లకు 315 పాళ్లు. 60 ఏళ్లు తిరిగి 2018లో విళంబి ఠంచనుగా వచ్చింది. 315 రాలేదు, 408 వచ్చింది. ఆ గీతలో అసలైన చక్రం ఒకటి లేకపోలేదు. ఉత్తరార్ధగోళపు అడవులు చిగురేస్తూ తాగిన వాయువు ఆకులు రాలాక మళ్లీ బయటికొస్తుంది. మేలో ఎత్తు, సెప్టెంబరుకల్లా ఆరేడు పీపీఎం దిగుడు. మళ్లీ మే వచ్చేసరికి పాత గీటు దగ్గర ఆగదు, రెండు మూడు పీపీఎం పైకెక్కి కూర్చుంటుంది. ప్రామిసరీ నోటు మీద వేలిముద్ర వేసినవాడెవడైనా దీన్ని చక్రవడ్డీ అంటాడు.

మళ్లీ విళంబి 2078లో. అప్పటి అంకె ఎంతుండొచ్చని యాంకర్ అడిగితే, మీ గొంతు సరిగా వినబడటం లేదనండి.