అనాస చక్రానికి మాత్ర వేషం

ఆషాఢ పౌర్ణమి గిరి ప్రదక్షిణలో సింహాచలం కొండ చుట్టూ 32 కిలోమీటర్లు నడిచి వచ్చిన మా మేనత్త మర్నాడు పొద్దున మంచం దిగలేకపోయింది. మోకాళ్లు రెండూ వాచాయి. అప్పటికే ఆమె ఫోనులో ఒక సందేశం వచ్చి ఉంది. పరగడుపున అనాస రసం తాగితే నొప్పీ వాపూ మాయమవుతాయట, అది వేల ఏళ్ల నాటి మన పెద్దల వైద్యమట. “నిజమేనా రా?” అని అడిగింది.

‘వేల ఏళ్లు’ అన్నచోటే నా మొదటి పేచీ. అనాస దక్షిణ అమెరికా పంట. 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు మన దేశానికి తెచ్చారు, పేరు కూడా వాళ్ల వెంట వచ్చిందే. పైగా మన ఇళ్లలో పెద్దలు చెప్పింది దీనికి తలకిందులు. కీళ్ల నొప్పులకు పులుపు పడదనేవారు, పనస వాతమనేవారు, అనాస, బొప్పాయి వేడి అనేవారు. ఆ నమ్మకాల్లో పస ఎంత అన్నది వేరే సంగతి. అమ్మమ్మ వద్దన్న పండును అమ్మమ్మ వైద్యంగా పంచుతున్నారన్నదే ఇక్కడి తమాషా.

అలాగని ఇందులో ఏమీ లేదని కొట్టిపారేయలేం. సింహాచలం కొండ మొదటి మెట్టు తొలిపావంచా దగ్గర బండి మీద అనాస కోయడం చూడండి. చెక్కు తీసి, కళ్ల వరస వెంట ఏటవాలుగా కత్తి తిప్పుతూ గాళ్లు చేస్తాడు. చక్రాలుగా తరిగి ఉప్పూ కారం చల్లి చేతికిస్తాడు. నాలుగో ముక్కకు నాలుక చురచురలాడుతుంది. ఆ చురుకులో కొంత బ్రొమెలైన్ పుణ్యమే. మాంసకృత్తులను ముక్కలు చేసే ఎంజైము అది, నాలుకనూ వదలదు. శస్త్రచికిత్స తర్వాత వాపు తగ్గడానికి రాసే కొన్ని మాత్రల్లో ట్రిప్సిన్‌తో కలిసి ఉండేదీ ఇదే. అయితే మందుల కోసం దాన్ని తీసేది ప్రధానంగా మొక్క కాండం నుంచి. అంటే మనం బండి దగ్గర కొన్నది తీపిని, మందు చాలావరకు తోటలోనే ఉండిపోయింది. వేడికి ఆ ఎంజైము నిలవదు కనుక వేడి చేసి నింపే డబ్బా రసం సంగతి చెప్పనే అక్కర్లేదు.

నొప్పి మీద పండ్ల పరీక్షల్లో తరచూ వినిపించేది పుల్లటి చెర్రీ. 2010లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో 54 మంది పరుగు పందెగాళ్లను తీసుకున్నారు. చెర్రీ రసం తాగినవారికి పందెం తర్వాత నొప్పి తక్కువగా పెరిగింది. సందేశాలు రాసేవారు దాటేసే ముక్క ఒకటుంది: వాళ్లు పందేనికి వారం ముందు నుంచే రోజుకు రెండుసార్లు ఆ రసం తాగారు, నొప్పి పుట్టాక మొదలుపెట్టలేదు. నొప్పి మాత్ర ఒంట్లో నొప్పినీ వాపునూ పెంచే ప్రోస్టాగ్లాండిన్ల తయారీని అడ్డుకుని కాసేపట్లోనే పని చూపిస్తుంది. పండు ఆ పని చేయదు. చేస్తే గీస్తే రోజుల తరబడి, భోజనంలో భాగంగా, చడీ చప్పుడూ లేకుండా చేస్తుంది. చెర్రీకి ఎరుపునిచ్చే ఆంథోసయనిన్లు మన నేరేడులోనూ ఉన్నాయి, కానీ చెర్రీ ఫలితాన్ని నేరేడుకు అంటగట్టలేం.

మాత్రలంటే భయం అకారణమైనది కాదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం కిడ్నీ రోగులు కేజీహెచ్‌ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)కు వచ్చే విశాఖ మనది. నొప్పి మాత్రలు ఇష్టం వచ్చినట్టు మింగితే కిడ్నీలకు చేటని ఇక్కడ విడమరచి చెప్పక్కర్లేదు. కానీ ఆ భయంతోనే రసాల వైపు మళ్లితే? దెబ్బతిన్న కిడ్నీలకు కొబ్బరినీళ్లలో, అరటిపండులో ఉండే పొటాషియం భారమవుతుంది, మరీ పేరుకుంటే గుండె లయ తప్పుతుంది. స్టార్ ఫ్రూట్ అయితే వారికి విషమే. గౌట్ (యూరిక్ ఆమ్లం పేరుకుని వచ్చే కీళ్ల జబ్బు) ఉన్నవారు గ్లాసుల కొద్దీ తీపి రసాలు తాగితే వాటిలోని ఫ్రక్టోజ్ యూరిక్ ఆమ్లాన్ని పెంచుతుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు.

అత్తకు అనాస వద్దనలేదు. షుగరు ఉంది కనుక రసం మానిపించి, ఒక చక్రం కోసిచ్చాను. నాలుగో రోజుకీ వాపు తీయకపోయేసరికి ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఎక్స్‌రే చూసి మోకీళ్ల అరుగుదల అన్నారు. మళ్లీ నడవాలనుకుంటే మూడు నెలల ముందు నుంచే తొడ కండరాలకు వ్యాయామం చేయాలన్నారు. అత్త బుద్ధిగా తలూపింది. తిరిగి వస్తూ గోపాలపట్నం దగ్గర ఆటో ఆపించి రెండు అనాసపండ్లు కొంది.