పెట్టె మీది పదివేల లూమెన్ల వారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ పదివేల లూమెన్ల వారి సముఖమునకు,

గాజువాక నుంచి ఒక తడిసిన డైవర్ నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ నేను క్షేమం. తమరూ క్షేమమే అనుకుంటాను. అట్టపెట్టె మీద అవే లావుపాటి పసుపు అంకెల్లో ఇప్పటికీ ధగధగలాడుతున్నారు. లూమెన్లంటే వెలుగు కొలతట; పెట్టె లోపలున్న డైవింగ్ లైటే ఆ కొలతకి తగ్గట్టు వెలగడం లేదు.

ఈ ఉదయం తమరిని అమ్మినవాళ్ల దగ్గర్నుంచి జవాబొచ్చింది. నేను పంపిన మూడు పేజీల ఫిర్యాదుకి ఒక్క వాక్యం: "సార్, లూమెన్లు ల్యాబ్‌లో కొలిచినవి, సముద్రంలో తేడా రావచ్చు." నీళ్ల అడుగున వాడమని అమ్మిన లైటుకి సముద్రంలో తేడా రావచ్చట. గొడుగు అమ్మి, వానలో మాత్రం తడవచ్చు అన్నట్టుంది. అందుకే వాళ్లని వదిలేసి నేరుగా తమరికే విన్నవించుకుంటున్నాను.

పోయిన మంగళవారం జరిగినదానికి తమరే ప్రత్యక్ష సాక్షి. అండమాన్‌లోని హావ్‌లాక్ దీవి. (2018లో స్వరాజ్ ద్వీప్ అని పేరు మార్చారు గానీ పడవల దగ్గర ఇంకా హావ్‌లాకే.) డైవ్ చేసిన చోటు పేరు లైట్‌హౌస్, వెటకారం చూడండి. ఎనిమిది మీటర్ల లోతులో ఎనిమోన్ అనే పువ్వులాంటి సముద్రజీవి పొత్తిళ్లలో క్లౌన్ చేప. మూడు నెలలుగా నేను కలలోనూ తీస్తున్న ఫోటో. తమరిని కెమెరా నెత్తిన కిరీటంలా బిగించి నలభై ఏడు ఫోటోలు కొట్టాను. పైకొచ్చి పడవలో చూసుకుంటే నలభై ఏడింట్లోనూ తెల్లటి చుక్కలే. చేప ఎక్కడో వెనకాల బిక్కుబిక్కుమంటూ ఉంది.

పడవ నడిపే పెద్దాయన వాళ్లది శ్రీకాకుళం వైపు. నా భుజం మీంచి తొంగిచూసి, "ఏటి బావూ, సేపకి పెళ్లి సేసీసినారేటి? అచ్చింతలు బాగా పడ్డాయి" అన్నాడు. అక్కడితో ఆగితే బాగుండేది. ఆ మాటని పడవలో మిగతావాళ్లకి హిందీలోకి, బెంగాలీలోకి మార్చి మరీ వినిపించాడు.

ఆ అక్షింతల అసలు పేరు బ్యాక్‌స్కాటర్. నీళ్లలో తేలే ప్లాంక్టన్ అనే బుల్లి జీవులు, ఇసుక నలకలు. లైటుని లెన్స్ పక్కనే పెట్టి సూటిగా కొడితే వెలుగు చేప దాకా వెళ్లకముందే దారిలో వాటికి తగిలి, వచ్చిన దారినే కెమెరాలోకి తిరిగొస్తుంది. డిసెంబరు పొద్దున లంబసింగి ఘాట్‌లో మంచులో హైబీమ్ వేసిన డ్రైవరు ఎవరైనా చెబుతాడు: ఎంత లైటు వేస్తే అంత తెల్లగోడ. నాకూ తెలుసు. నేనూ ఆ రోడ్డు మీద వెళ్లినవాణ్ణే. కానీ పదివేల లూమెన్లు కొనుక్కున్నాక ఇంకా బుర్ర కూడా వాడాలా అనుకున్నాను.

ఇప్పుడు కొనుగోలు సంగతి. మూడు నెలలు రాత్రిళ్లు కూర్చుని చదివితే చివరికి రెండు లైట్లు మిగిలాయి. ఒకదాని మీద 2,500 లూమెన్లు, వెలుగు విచ్చుకునే కోణం 100 డిగ్రీలు, రంగుల నిజాయితీ కొలిచే సీఆర్‌ఐ 90కి పైన, 21700 సైజు బ్యాటరీ, పూర్తి వెలుగులో 50 నిమిషాలు అని చిన్న చిన్న అక్షరాల్లో ఏదో పంచాంగంలా రాసుంది. ధర మూడింతలు. రెండో పెట్టె మీద ఏమీ లేదు, తమరు తప్ప. పదివేలు! 2,500కి నాలుగింతలు, ధరలో మూడో వంతు. లెక్కల్లో నాకు మొదట్నుంచీ మంచి మార్కులే.

ఆ లెక్కలే మొన్న తిరుగు ప్రయాణంలో, చెన్నైలో విమానం ఆలస్యమై నాలుగు గంటలు ఖాళీగా కూర్చున్నప్పుడు, తీరిగ్గా వేశాను. మీరూ వినండి. ఎల్‌ఈడీ ఒక వాట్‌కి సుమారు 100 నుంచి 150 లూమెన్లు ఇస్తుంది. మీ గౌరవం కొద్దీ 125 వేసుకుందాం. పదివేలకి 80 వాట్లు కావాలి. పెట్టెలో పెట్టింది అంతకంటే చిన్నదైన 18650 సైజు బ్యాటరీ ఒక్కటి. మంచి రకమైతే అందులో పట్టేది ఓ 12 వాట్-అవర్లు. భాగించండి. తొమ్మిది నిమిషాలు. అదీ ఆ ఒంటి బ్యాటరీ 20 ఆంపియర్లకి పైగా కక్కగలిగితే. పెట్టె మీద మీ పక్కన ఏముంది? "రెండు గంటలు." సరే, రెండు గంటలే నిజం అనుకుందాం. 12 వాట్-అవర్లు రెండు గంటలు రావాలంటే ఆరు వాట్లే వాడాలి. అంటే 750 లూమెన్లు. పదివేలు నిజమైతే రెండు గంటలు అబద్ధం, రెండు గంటలు నిజమైతే మీరే అబద్ధం. ఆ పంచాంగం పెట్టె లెక్కా వేశాను. 2,500 లూమెన్లకి 20 వాట్లు, బ్యాటరీలో 18 వాట్-అవర్లు, 54 నిమిషాలు. సరిపోయింది. సరిపోకపోయినా నాకింత బాధ ఉండేది కాదు.

మరి పదివేలు ఎక్కణ్ణుంచి వచ్చినట్టు? ఒక్కో ఎల్‌ఈడీ చిప్పు గరిష్ఠంగా ఇవ్వగలదని దాన్ని తయారుచేసినవాళ్లు రాసిన అంకెని లోపలున్న చిప్పుల సంఖ్యతో హెచ్చవేస్తే వస్తుందట. మా వీధిలో ప్రతి ఇంటి జీతమూ కలిపి నా జీతం అని చెప్పుకున్నట్టు. టార్చిలకి ఎఫ్‌ఎల్1 అని ఒక కొలత పద్ధతుంది. వెలిగించిన 30 సెకన్ల నుంచి 2 నిమిషాల లోపు వెలుగు కొలవాలి. ఎంతసేపు వెలుగుతుందనే అంకె మాత్రం మొదటి వెలుగులో పదో వంతుకి పడిపోయేదాకా లెక్క. అంటే నిజాయితీగల పెట్టె చెప్పే రెండు గంటల్లోనూ చివర కొంత అగరొత్తి వెలుగే ఉండొచ్చు. మీ పెట్టె మీద ఆ పద్ధతి పేరే లేదు. లైట్‌హౌస్ దగ్గర పన్నెండో నిమిషానికే అగరొత్తి వచ్చేసింది.

పోనీ పదివేలూ నిజమే అనుకో. అయినా చేప మీద పడేది ఎంత? ఇది నువ్వు ఎప్పుడూ చెప్పవు. లూమెన్ అంటే లైటు అన్ని వైపులా చిమ్మే మొత్తం వెలుగు. బిందెడు నీళ్లు తులసి కోటలో పోస్తే తులసి తడుస్తుంది, అవే నీళ్లు వాకిలంతా కళ్లాపి చల్లితే దుమ్ము అణుగుతుంది. బిందె అదే. నువ్వు 120 డిగ్రీలు చల్లుతావు. పైగా దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతు అవుతుంది. ఇంకా పైగా నీళ్లు ఎరుపుని ముందు తినేస్తాయి. అయిదారు మీటర్ల లోతుకే సూర్యుడి ఎరుపు చాలావరకు పోతుంది, తర్వాత నారింజ, తర్వాత పసుపు. లైటు నుంచి చేపకీ, చేప నుంచి లెన్స్‌కీ, రానూ పోనూ టిక్కెట్టు కట్టాలి. మీటరున్నర దూరం నుంచి తీస్తే మూడు మీటర్ల నీళ్లు తాగిన వెలుగు వస్తుంది. ఇంత జరిగాక నువ్వు పదివేలైతేనేం, ఇరవై వేలైతేనేం? సిగ్గుందా?

కోపంలో ఏకవచనం వచ్చేసింది. వెనక్కి తీసుకోను.

మిగతావాళ్లకీ నాలుగు మాటలు, ఈ లేఖ ద్వారానే. స్విమ్మింగ్ పూల్‌లో లైటు వేసి "సూపర్ బ్రైట్ ఫ్రెండ్స్" అన్న సమీక్షకుడికి: అన్నా, పూల్‌లో ప్లాంక్టన్ ఉండదు. ఎర్ర ఫిల్టర్‌తో లైటుని కలిపి "కాంబో" అని అమ్మినవాళ్లకి: ఆ ఫిల్టర్ సూర్యుడి వెలుగులో పనికొచ్చేది, లైటు వేసి దాన్ని తగిలిస్తే దగ్గరున్నవన్నీ పసుపూ కుంకుమా పూసుకున్నట్టే వస్తాయి. నీళ్లు లోపలికి చొరబడకుండా ఆపే రబ్బరు ఓ-రింగుకి: ఒక్క వెంట్రుక అడ్డంపడితే చాలు, నీ పెళుసుతనానికి వేల రూపాయలు నీళ్లపాలు. తెల్లారగట్ల నీకు సిలికాన్ గ్రీజు పూసినంత భక్తిగా నేను మా ఇంట్లో దీపం కూడా పెట్టలేదు. అదనపు లిథియం బ్యాటరీలు చెక్-ఇన్ సంచిలో పెట్టకూడదని తెలిసీ పెట్టిన నాకు: విమానాశ్రయంలో పేరు పెట్టి పిలిపించుకున్నావు, చాలా?

స్ట్రోబ్ (నీళ్లలో వాడే విడి ఫ్లాష్) ఊసు నాకెవరూ చెప్పలేదని అనను. చెప్పారు. నా టీజీ-6 కెమెరా హౌసింగ్‌కి (నీళ్లు చొరని తొడుగుకి) ఫైబర్ కేబుల్ తగిలిస్తే, కెమెరాలోని చిన్న ఫ్లాష్ చూసి పక్కనున్న స్ట్రోబ్ పేలుతుంది. ఆ మెరుపు సెకనులో వెయ్యో వంతు అటూ ఇటూ. చేప తోక ఆడించే లోపే పని అయిపోతుంది. నువ్వేమో నిలకడగా వెలుగుతూ ఉంటావు, నీ వెలుగు చాలక షట్టరు నెమ్మదిస్తుంది, చేప ఫోటోలో సాగదీసిన జిలేబీ అవుతుంది. మధ్యాహ్నపు ఎండలో, లోతులేని చోట, సూర్యుడి ముందు నువ్వు దివిటీవి కూడా కావు. అయితే స్ట్రోబ్ ధర నా సెకండ్‌హ్యాండ్ కెమెరాని మించిపోయింది. దాని పెట్టె మీద లూమెన్లు కూడా లేవు, ఫ్లాష్ బలం చెప్పే గైడ్ నంబర్ అని రెండంకెలది ఏదో ఉంది. 33 ఎక్కడ, 10,000 ఎక్కడ!

1926లో ఫ్లోరిడా దగ్గర డ్రై టోర్టుగాస్‌లో లాంగ్లీ, మార్టిన్ అనే ఇద్దరు తెప్ప మీద మెగ్నీషియం పొడి మండించి, ఆ మెరుపుతో కింద నీళ్లలో చేపని రంగుల్లో ఫోటో తీశారు. నీళ్ల అడుగున మొదటి రంగుల ఫోటోలు అవే. ఆ పొడి ఎన్ని లూమెన్లని వాళ్లు లెక్కేసుకుని ఉండరు. వాళ్లకి అట్టపెట్టె లేదు.

ఒక్క మాట నిజాయితీగా ఒప్పుకోవాలి. నాలుగో రోజు, చివరి డైవ్, పద్నాలుగు మీటర్లు. మా ఇన్‌స్ట్రక్టర్ నా అవస్థ చూడలేక కెమెరా నెత్తి మీంచి నిన్ను ఊడదీశాడు. వెలుగు అన్నిటికంటే తక్కువకి దించాడు. చెయ్యి చాచి నిన్ను బాగా పక్కకి పట్టుకుని, నన్ను దగ్గరికి రమ్మని సైగ చేశాడు. వెళ్లాను. ఇంకా రమ్మన్నాడు. ఇంకా. పగడపు రాతికి జానెడు దూరంలో, ఊపిరి బిగబట్టకుండా, తేలుతూ ఆగడానికి నానా తంటాలూ పడ్డాను. మసిగుడ్డలా నల్లగా కనిపిస్తున్న ఫెదర్ స్టార్ (ఈకల్లాంటి చేతులున్న సముద్రజీవి) ఒకటి అక్కడుంది. నీ వెలుగు అంచు దాని మీద అలా పడిందో లేదో, కుంకుమ భరిణె బోర్లించినట్టు ఎర్రబడింది. అక్కడ అంత ఎరుపు ఉందని పక్క నుంచి ఈదుకుంటూ వెళ్లిన మాకెవరికీ తెలీదు. ఒక్కటే ఫోటో తీశాను. ఒక్క చుక్క లేదు. ఆ పూట నువ్వు వెలిగింది మహా అయితే మూడొందల లూమెన్లు.

పడవలో పెద్దాయనకి చూపించాను. చాలాసేపు చూసి, "ఇది బాగుంది బావూ" అని తిరిగిచ్చేశాడు. ఈసారి ఎవరికీ అనువదించలేదు.

తిరిగి పంపుదామంటే గడువు అయిపోయిందన్నారు. అందుకని నిన్ను అమ్మేద్దామని నిన్న బల్ల మీద పెట్టాను. సాయంత్రం చూస్తే లేవు. వెతికితే పెరట్లో నాన్న సంపు మూత తీసి, తాడు కట్టి నిన్ను లోపలికి దించుతున్నారు. అడుగున మట్టి ఎంత పేరుకుందో చూడాలట. మా సంపు లోతు ఆరడుగులు. నీళ్లలో నలకలున్నా ఆయనకి ఫోటో అక్కర్లేదు.

"బ్రహ్మాండంగా కనిపిస్తోందిరా. ఎన్ని లూమెన్లు ఇది?" అన్నారు, తల ఎత్తకుండానే.

"తెలీదు నాన్నా" అన్నాను.

"అదేంట్రా, పెట్టె మీద రాసే ఉంటుందిగా!"

ఇట్లు,
తమరి పాత కొనుగోలుదారు