పుస్తకమూ డెమో కోడూ కలిసిపోతే అమీర్‌పేట గతేంటి?

పుస్తకంలో అచ్చైన కోడ్ అచ్చైనట్టే నడిస్తే అమీర్‌పేటలో ఫ్యాకల్టీలు ఏం తినాలి? కోఠిలో పాత డేటాబేస్ పుస్తకం కొని, అందులోని క్వెరీని (డేటాబేస్‌ని అడిగే ప్రశ్నని) మక్కీకి మక్కీ కొట్టి, ఎర్రర్ చూసి బిత్తరపోయిన కుర్రాడే కదా మైత్రీవనం పక్క సందులో సాయంత్రం బ్యాచ్‌కి ఫీజు కట్టేది! అలాంటిది ఈమధ్య కొందరు పుస్తకాన్నీ, అందులోని కోడ్ నడిపి చూసుకునే డెమో డేటాబేస్‌నీ ఒక్క తాటి మీద నడిపిస్తామని బయల్దేరారు. వీళ్లని మొదట్లోనే తుంచాలి.

మన సంప్రదాయం తెలిసిందే. రచయిత తన లాప్‌టాప్‌లో నడిచిన కోడ్‌ని వర్డ్‌లో పేస్ట్ చేస్తాడు. వర్డ్ ఊరుకోదు, తిన్నగా ఉన్న కొటేషన్ గుర్తుల్ని ముద్దుగా వంకర తిప్పుతుంది. పీడీఎఫ్‌లోంచి దాన్ని కాపీ చేసి ఒరాకిల్ డేటాబేస్‌కి ఇస్తే ఓఆర్ఏ-00911 ఎర్రర్, చెల్లని అక్షరం అంటుంది. ఆ వంకర కనిపెట్టేసరికి అరపూట. దాన్నే రెజ్యూమెలో ‘డీబగ్గింగ్ స్కిల్స్’ అని రాసుకుంటాం.

అవుట్‌పుట్ సంగతి ఇంకా రంజుగా ఉంటుంది. ఒరాకిల్ నేర్చుకునేవాళ్లకి తెలిసిన నమూనా డేటా స్కాట్ స్కీమా, దాని ఎంప్ టేబుల్లో 14 మంది ఉద్యోగులు. శాఖల వారీగా జీతాలు కూడితే 10వ శాఖకి 8750, 20కి 10875, 30కి 9400. పుస్తకంలో ఇదే వరస, ఎందుకంటే ఒకప్పుడు ఒరాకిల్ గ్రూప్ బై (శాఖల వారీగా విడదీయమనే ఆదేశం) కోసం సార్ట్ చేసేది. ఒరాకిల్ 10జీ రిలీజ్ 2లో సార్ట్ చేయకుండానే గుంపులు కట్టే హ్యాష్ పద్ధతి వచ్చి పడింది. ‘ఈ వరసలో ఇవ్వు’ అని చెప్పే ఆర్డర్ బై రాయనివాడికి వరస మీద హక్కు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. అంకెలన్నీ సరిపోయినా 30 పైకొచ్చిందని కుర్రాడు తన జవాబే తప్పనుకుంటాడు. పోస్ట్‌గ్రెస్ అనే ఇంకో డేటాబేస్‌లో అయితే జీతం అప్‌డేట్ చేసిన రో (టేబుల్లో ఒక అడ్డు వరస) కొత్త ప్రతిగా ఇంకో చోట పడుతుంది కాబట్టి, ఇంక్రిమెంట్ వచ్చినవాడు తర్వాతి సెలెక్ట్‌లో (డేటా చూపమనే ఆదేశంలో) చాలాసార్లు అట్టడుక్కి పోతాడు. సచివాలయంలో కూడా ఇంత అన్యాయం ఉండదు.

అధ్యాయాల మధ్య సఖ్యత మరో ముచ్చట. 5వ అధ్యాయంలో ఎంప్‌కి ఈమెయిల్ కాలమ్ కలుపుతారు. 9వ అధ్యాయంలో కాలమ్ పేర్లు రాయకుండా పాత 8 విలువలతోనే కొత్త రో ఇన్సర్ట్ చేస్తారు. శ్రద్ధగా అన్నీ చేసుకుంటూ వచ్చినవాడికి ఓఆర్ఏ-00947, విలువలు చాలలేదని. 5వ అధ్యాయం ఎగ్గొట్టినవాడికి మాత్రం సాఫీగా నడుస్తుంది. చదవనివాడిని ఇంతగా ఆదరించే గ్రంథం ఇంకెక్కడ దొరుకుతుంది? ఇక మైఎస్‌క్యూఎల్ అనే మరో డేటాబేస్ 8.0 వెర్షన్‌లో ర్యాంక్ అనేది రిజర్వ్‌డ్ మాట అయిపోయింది, అంటే ఉత్తినే పేరుగా పెట్టుకోవడానికి వీల్లేదు. ఎంసెట్ రాసి పెరిగిన రచయిత టేబుల్లో ర్యాంక్ కాలమ్ పెట్టకుండా ఉండగలడా? 1064 ఎర్రర్ రాసిపెట్టి ఉంది.

ఇంత చక్కటి వ్యవస్థని కూలదోయడానికి వాళ్లు పన్నిన కుట్ర వినండి. పుస్తకంలో కోడ్ పేస్ట్ చేయరట! కోడ్ విడిగా ఫైళ్లలో ఉంటుంది, కావలసిన ముక్కకి మొదలూ చివరా ట్యాగ్ పెడితే ఆస్కీడాక్ (పుస్తకాలు రాసుకునే ఓ మార్కప్ పద్ధతి)లోని ఇన్‌క్లూడ్ ఆదేశం దాన్ని పేజీలోకి లాక్కుంటుంది. అవుట్‌పుట్ కూడా చేత్తో రాయరు, స్క్రిప్ట్ నడిపి ఫైల్లో పట్టుకుంటారు. ప్రతి అధ్యాయానికీ టేబుళ్లన్నీ డ్రాప్ చేసి మళ్లీ కట్టే రీసెట్ స్క్రిప్ట్. డేటాబేస్‌ని నడిపే డాకర్ ఇమేజ్‌కి (సర్ది కట్టిన సాఫ్ట్‌వేర్ మూటకి) ‘లేటెస్ట్’ అని కాకుండా కచ్చితమైన వెర్షన్ నంబర్. ప్రతి సెలెక్ట్‌కీ ఆర్డర్ బై. ఇవాళ్టి తేదీ ఇచ్చే సిస్‌డేట్ వాడితే ప్రతిరోజూ జవాబు మారుతుంది కాబట్టి దాని బదులు ఒక స్థిరమైన తేదీ. ఫైళ్ల మార్పుల్ని గిట్‌లో (మార్పుల చరిత్ర దాచే సాధనంలో) కమిట్ చేసిన ప్రతిసారీ అన్ని అధ్యాయాలూ ఖాళీ డేటాబేస్ మీద నడవాలి, అవుట్‌పుట్‌లో ఒక్క అక్షరం తేడా వచ్చినా పీడీఎఫ్ తయారవదు. అచ్చుకి వెళ్లిన రోజు గిట్‌లో ఆనాటి ఫైళ్లకి ఎడిషన్ పేరుతో ట్యాగ్ వేసి, ఆ పేరు మొదటి పేజీల్లో ముద్రిస్తారు. కోడ్ లైను పేజీ వెడల్పు దాటినా బిల్డ్ (పీడీఎఫ్ తయారీ) ఆగిపోతుందట. మరీ చాదస్తం.

అయితే వాళ్ల కోటకీ ఓ కన్నం ఉంది. యంత్రం కోడ్‌ని నడుపుతుందే గానీ వచనాన్ని నడపలేదు. లైన్ నంబర్ల బదులు కోడ్‌లోనే గుర్తులు పెట్టి వివరణని వాటికి కట్టేసే వీలు ఆస్కీడాక్‌లో ఉంది గానీ, ఆ సంగతి మనవాళ్ల చెవిన పడనివ్వకండి. సంప్రదాయాన్ని కాపాడదలచిన రచయితలు పేజీకి రెండుసార్లయినా ‘కోడ్ ఫైల్లో 7వ లైన్ చూడండి’ అని రాయాలి. తర్వాతి ఎడిషన్‌లో ఆ ఫైలు నెత్తిన రెండు లైన్ల కాపీరైట్ కామెంట్ చేర్చాలి.