పుష్యమాసపు కుంటలో అమెరికా గాలం

పరకాలకు దగ్గరలోని ఒక పల్లె. సొంత పొలంలో ఎకరం కూడా లేని కుంట, దాని ఉత్తరపు ఒడ్డున రెండు ప్లాస్టిక్ కుర్చీలు. అక్క బడిలో తెలుగు చెప్పి పదవీ విరమణ చేసింది కనుక ఎదుటివాడు వాక్యాన్ని సగంలో వదిలేస్తే ఇప్పటికీ సహించదు. తమ్ముడు అట్లాంటా పక్కన గ్విన్నెట్ కౌంటీలో ఉంటాడు, సంక్రాంతికి వచ్చాడు, అక్క ముందు వాక్యాలు పూర్తి చేసే మాట్లాడతాడు.

అక్క: తమ్మీ, తెల్లవారకముందే గాలం వేద్దువని నేను లేచి చాయ్ పెడితే నువ్వు దుప్పటి తీయలేదు, ఇప్పుడు అన్నం తిని కునుకు తీసే వేళకు నన్ను కుంట దగ్గరకు లాక్కొచ్చావు. ఈ కుంటలోని చేపలు కూడా నీలాగే మధ్యాహ్నం దాకా పడుకుంటాయా?

తమ్ముడు: అవును అక్కా, సరిగ్గా అంతే. చేపకు మనలాగా సొంత ఒంటివేడి ఉండదు కాబట్టి నీళ్లు చల్లబడ్డకొద్దీ దాని అరుగుదల మందగిస్తుంది, ఆకలీ తగ్గుతుంది. మా జార్జియాలో బాస్ అనే చేప ఉంది, దాన్ని జనవరిలో పట్టాలనుకునేవాళ్లు రెండు మూడు రోజులు వరసగా ఎండ కాసేదాకా ఆగి, ఆ తర్వాత మధ్యాహ్నం పూట బయలుదేరుతారు. పెద్ద చెరువు నిదానంగా వేడెక్కుతుంది కానీ ఇలాంటి చిన్న కుంటకు ఒకటి రెండు మంచి ఎండలు చాలు. అయితే రాత్రి అంతే తొందరగా చల్లబడుతుంది కూడా.

అక్క: వేళ సంగతి సరే, అవతలి ఒడ్డున వేపచెట్టు నీడ ఉండగా నన్ను ఈ ఎండలో ఎందుకు కూర్చోబెట్టావు?

తమ్ముడు: ఈ రోజుల్లో సూర్యుడు దక్షిణానికి ఒరిగి ఉంటాడు కాబట్టి ఉత్తరపు ఒడ్డుకే ఎండ సూటిగా తగులుతుంది, పైగా మన వెనుక ఉన్న గట్టు చలిగాలిని అడ్డుకుంటుంది. బాస్ పట్టేవాళ్లు మొదట వెతికేది ఈ మూలనే.

అక్క: సంక్రాంతి పండుగకు వచ్చి నాకే ఉత్తరాయణం పాఠం చెబుతున్నావు! చలికాలంలో బర్రెలు ఏ ఒడ్డున ఎండకు పడుకుంటే ఆ ఒడ్డునే గాలం వేయమని నాన్న ఒక్క మాటలో తేల్చేవాడు, దానికి అట్లాంటా దాకా పోయి రానక్కరలేదు. అది సరే, ఆ డబ్బాలో మెరుస్తున్నవి ఏమిటి?

తమ్ముడు: రబ్బరు పురుగులు. చేప నోట్లో పెట్టుకున్న వెంటనే ఉమ్మేయకుండా ఉప్పు కలిపి చేస్తారు, కొన్నింటికి వెల్లుల్లి వాసన కూడా పట్టిస్తారు. ఇదిగో, చూడు.

అక్క: ఉప్పు, వెల్లుల్లి! చేప కుంటలో ఉండగానే మసాలా పట్టించే దేశమన్న మాట. వానపాము దొరకని చోట ఇదంతా అవసరమేమో కానీ, మన పెంటకుప్పను పారతో ఒక్కసారి తిరగేస్తే గుప్పెడు దొరుకుతాయి కదా.

తమ్ముడు: వానపామును తప్పు పట్టడం లేదు. ఏది వేసినా చలికాలంలో చిన్నది వేయాలి, నిదానంగా కదపాలి. తూము దగ్గర, పూడిక తీసిన లోతులో దాన్ని అడుగుకు దిగనిచ్చి, కాసేపు ఊరుకొని, బెత్తెడు లాగి, మళ్లీ ఊరుకోవాలి. చలికి ముడుచుకున్న చేప వెంటపడి తరమదు, నోటి ముందుకు వచ్చినదాన్నే అందుకుంటుంది. నీళ్లు తేరుకొని ఉన్నాయి కాబట్టి దారం కూడా సన్నగా ఉండాలి.

అక్క: అదంతా నీ బాస్ సంగతి. బాస్‌కు నీళ్లలోని గాలి సరిపోతుంది, కొర్రమట్టకు సరిపోదు, అది పైకి వచ్చి గాలి గుటక వేయవలసిందే. నాన్న నీళ్లమీద ఆ గుటక చప్పుడు వినిపించిన చోటికే గాలం విసిరేవాడు. నువ్వేమో అరగంట నుంచి చేపకు నోరున్న సంగతి మరచి నీ నోటినే ఆడిస్తున్నావు.

తమ్ముడు: చల్లని నీళ్లలో గాలి ఎక్కువ కరుగుతుంది, చేపకు కావలసింది కూడా తగ్గుతుంది, అందువల్ల ఈ కాలంలో అది పైకి వచ్చేదే అరుదు. కొర్ర గురించి నాకు తెలియదనుకోకు. దాని దాయాది ఒకటి 2019లో మా గ్విన్నెట్ కౌంటీలోనే ఎవరిదో సొంత కుంటలో బయటపడింది, జార్జియా మొత్తంలో అదే మొదటిసారి. అక్కడి చేపలను తినేస్తుందన్న భయంతో, దొరికితే నీళ్లలోకి వదలవద్దని, అక్కడికక్కడే చంపి ఫ్రీజర్‌లో పెట్టి కబురు చేయమని ప్రభుత్వం ప్రకటించింది.

అక్క: చంపి ఫ్రీజర్‌లో పెట్టమన్నారా? కూర వండమని చెప్పే తెలివైనవాడు ఆ ఆఫీసులో ఒక్కడూ లేడా?

తమ్ముడు: నవ్వకు అక్కా, అసలు కిటుకు ఇంకా చెప్పలేదు. చలికాలంలో చేప గాలాన్ని గుంజదు, కర్రకు ఏమీ తెలియదు, దారం కొద్దిగా పక్కకు జరుగుతుంది, అంతే. దాన్ని కనిపెట్టాలంటే ఏళ్ల తరబడి...

అక్క: తమ్మీ, నీ దారం పక్కకు జరుగుతోంది.

తమ్ముడు: మధ్యలో అడ్డు రాకు, చెప్పనివ్వు. ఏళ్ల తరబడి సాధన చేసిన కన్ను...

అక్క: నీ సాధన చేసిన కన్ను నా ముఖం మీద ఉంది, దారం తుంగ వైపు పోతోంది. కర్ర ఎత్తుతావా, నన్ను ఎత్తమంటావా?

(కర్ర వంగింది. మూరెడు పొడవున్న కొర్రమట్ట, నల్లటి వీపు, తెల్లటి పొట్ట, రబ్బరు పురుగు తోక నోటి మూలలో వేలాడుతూ, గట్టు గడ్డి మీద పాములా మెలికలు తిరిగింది. తమ్ముడు రెండుసార్లు పట్టుకోబోయాడు, రెండుసార్లూ జారిపోయింది. అక్క కొంగు చుట్టి ఒక్కసారికే తల దగ్గర నొక్కి పట్టింది.)

తమ్ముడు: మెల్లగా పట్టుకో, ఒక ఫొటో తీసుకొని వదిలేద్దాం. మేము బాస్‌ను పట్టినా మళ్లీ నీళ్లలోకి వదిలేస్తాం.

అక్క: వదిలేయడానికా నేను పొద్దున్నే చింతపండు నానబెట్టింది? ఎర్రటి పిల్లల గుంపును కాచుకుంటూ తిరిగే కొర్రను వానాకాలంలో పట్టవద్దని నాన్న అనేవాడు, నేనూ ఒప్పుకుంటాను. ఇది పుష్యమాసం, దీని వెంట పిల్లలూ లేరు, జల్లలూ లేరు.

తమ్ముడు: 2016లో దీన్ని తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటించారు, కనీసం ఆ గౌరవమైనా చూపించవా?

అక్క: రాష్ట్ర చేపకు తగిన గౌరవం చింతపులుసే. అయినా దొరికినదాన్ని వదలవద్దని, అక్కడికక్కడే చంపమని మీ జార్జియా ప్రభుత్వమే చెప్పిందని ఇప్పుడే కదా అన్నావు?

తమ్ముడు: అది జార్జియాలో! పైగా అది దీని దాయాది. ఫ్రీజర్‌లో పెట్టి కబురు చేయమన్నారు కానీ...

అక్క: ఫ్రీజర్‌లో చోటు లేదు, కబురు కావాలంటే కూర ఉడికాక నువ్వే పంపుకో. ముందు ఇంట్లోకి పోయి పొయ్యి బూడిద తీసుకురా, అది పూయకపోతే ఈ జారుడు చేప కత్తిపీట ముందు నిలవదు.

తమ్ముడు: తెస్తాను. అయితే తలకాయ ముక్క నాకేనా?

అక్క: దారం కదిలిన సంగతి ముందు చూసింది ఎవరు?