ఉద్దానంలో జబ్బును మాన్పే ఫ్లాటెన్

ఉద్దానం లెక్కలు చూసే పెద్దలకు ఒక శుభవార్త. ఒక ఊరిలో కిడ్నీ జబ్బును రూపుమాపడానికి ఇకపై మందూ మాకూ, డయాలసిస్సూ అక్కరలేదు; ఆ ఊరి బావినీటిని పరీక్షించడం మానేసి, పెద్ద జాబితాలను మలిచే అపాచీ పిగ్ అనే సాఫ్ట్‌వేర్‌లో, మూటలను విడి వరుసలుగా విప్పే ఫ్లాటెన్ అనే ఆపరేటర్‌ను ప్రయోగిస్తే చాలు.

విధానం సులభం. కవిటి, సోంపేట, కంచిలి మండలాల రోగుల జాబితానూ నీటి నమూనాల జాబితానూ ఊరి పేరు మీద కోగ్రూప్ చేస్తే, అంటే ఒకే ఊరివన్నీ ఒకచోట చేరిస్తే, ఊరికొక వరుస వస్తుంది, అందులో రోగులకొక బ్యాగు (వరుసల మూట), నమూనాలకొక బ్యాగు ఉంటాయి. బ్యాగులను పై అధికారి ఎక్సెల్‌లో చూడలేరు కనుక, లెక్కలు కట్టే కుర్రవాడు ఒకే జెనరేట్‌లో (ఫలితపు వరుసలను తయారుచేసే ఆదేశంలో) రెండింటినీ ఫ్లాటెన్ చేస్తాడు. అప్పుడు ప్రతి రోగికీ ప్రతి నమూనాతోనూ జత కట్టడం దాని ధర్మం కాబట్టి, 40 మంది రోగులూ 5 నమూనాలూ ఉన్న ఊరు 200 వరుసలవుతుంది. సమీక్షా సమావేశంలో అధికారి ఉలిక్కిపడతారు. ఒకే వయసు, ఒకే ఇంటి నంబరు గల అప్పలనర్సమ్మలు ఐదుగురు ఎలా ఉన్నారని అడుగుతారు. "మన జిల్లాలో అప్పలనర్సమ్మలకేటి కొదవ, సార్" అని సమాధానం వస్తుంది. అది సబబుగానే తోచి, పలాసలో 2023లో తెరిచిన కిడ్నీ ఆసుపత్రిలో ఉన్నవి సరిగ్గా 200 పడకలే కనుక, వాటన్నిటినీ ఈ ఒక్క ఊరికే కేటాయించాలని తీర్మానం కూడా రాసుకుంటారు.

పక్క ఊరిలోనూ 40 మంది రోగులున్నారు, కానీ అక్కడ నీటి నమూనా ఎవరూ తీయలేదు. నమూనాల బ్యాగు ఖాళీ. ఖాళీ బ్యాగును ఫ్లాటెన్ చేస్తే ఆ వరుస మొత్తం రాలిపోతుంది. 40 మందీ, వారి ఊరి పేరూ కూడా. ఎర్రర్ రాదు, పిగ్ తన పని విజయవంతమైందనే చెబుతుంది.

యాహూలో పుట్టి 2007లో అపాచీ అనే సాఫ్ట్‌వేర్ సంస్థకు చేరిన పిగ్ చేసిన మోసమేమీ లేదు, ఖాళీ బ్యాగు ఉన్న వరుస పోతుందని దాని డాక్యుమెంటేషన్‌లోనే రాసి ఉంది. రెండు బ్యాగులనూ వేర్వేరుగా విప్పవచ్చు, బ్యాగు ఖాళీయా అని తేల్చే ఈజ్‌ఎంప్టీతో చూసి ఖాళీ చోట నల్ (విలువ లేదనే గుర్తు) పెట్టవచ్చు. అంతమాత్రం చేయనివారి నివేదిక మీద సంతకం చేసిన చేతులకు సిగ్గుండాలి! దశాబ్దాలుగా కారణం తేలని జబ్బుతో మనుషులు చనిపోతుంటే, పరీక్ష చేయకపోవడం ఒక నేరం, చేయనందుకే ఆ ఊరిని జబ్బు లేని ఊరిగా లెక్కించడం రెండో నేరం. లోపలికి ఎన్ని ఊళ్లు వెళ్లాయి, బయటికి ఎన్ని వచ్చాయి అన్న రెండు అంకెలు లేని నివేదికను ఇకమీదట ఏ అధికారీ ముట్టుకోకూడదు.