కాజీపేట కోచ్ ఫ్యాక్టరీలో ఉత్పత్తి ఎప్పుడో మొదలైంది

కాజీపేటకు కోచ్ ఫ్యాక్టరీ కావాలని మా ఓరుగల్లు జనం నలభై ఏళ్ళుగా అడుగుతున్నారు. ధర్నాలు చేశారు, పట్టాల మీద కూర్చున్నారు, ఓటు అడగడానికి వచ్చిన ప్రతి నాయకుడి చేతా ఒట్టు వేయించుకున్నారు. 1980లలో మాకే అనుకున్నది పంజాబ్‌లోని కపూర్తలాకు వెళ్ళిపోయింది. 2014 నాటి రాష్ట్ర పునర్విభజన చట్టం పదమూడో షెడ్యూలులో, తెలంగాణలో అటువంటి ఫ్యాక్టరీకి వీలుందో లేదో ఆరు నెలల్లో పరిశీలించాలని రాశారు. ‘పెట్టాలి’ అని కాదు, ‘పరిశీలించాలి’ అని. పెళ్ళిచూపులకు వచ్చి ఫలహారం కానిచ్చి, ఇంటికి వెళ్ళి కబురు చేస్తామన్నట్టు. ఆఖరికి 2023 జులై 8న ప్రధానమంత్రి వరంగల్ వచ్చి, ఐదు వందల కోట్ల పైచిలుకు ఖర్చుతో రైల్వే తయారీ కేంద్రానికి శంకుస్థాపన చేశారు. అందులోంచి బయటికొచ్చేవి వ్యాగన్లా, కోచ్‌లా అని మా వాళ్ళు చాలాకాలం వాదించుకున్నారు.

ఇంత పోరాటంలోనూ ఒక ప్రాథమిక విషయం ఎవరి దృష్టికీ రాలేదు. కాజీపేటలో కోచ్‌లు ఎప్పటినుంచో తయారవుతున్నారు. భూసేకరణ అక్కర్లేదు, పర్యావరణ అనుమతులు అక్కర్లేదు. ముడిసరుకు అల్లం చాయ్ ఒక్కటే.

నేను రోజూ సాయంత్రం వెళ్ళే హోటలు ముందు నాలుగు బెంచీలున్నాయి. బెంచీకి నలుగురు చొప్పున పదహారు మందిమి, అందరం ఫుట్‌బాల్ కోచ్‌లమే. రిటైరైన లోకో పైలట్ ఒకాయన రియల్ మాడ్రిడ్ వ్యవహారాలు చూస్తారు. ఎరువుల దుకాణం యజమాని చేతిలో మాంచెస్టర్ యునైటెడ్ డిఫెన్స్ ఉంది. ఆయన దుకాణం లెక్కలకన్నా అదే ఎక్కువ నష్టాల్లో ఉంది. ఒక బీమా ఏజెంటు ఇటలీ చూసుకుంటాడు. నాది గోల్‌కీపర్ల విభాగం. అర్ధరాత్రి దాటేదాకా మ్యాచ్ చూసి, మర్నాడు సాయంత్రం ఎవరిని ఎప్పుడు మార్చి ఉండాల్సిందో తేల్చేస్తాం. ఇంతవరకూ ఒక్క క్లబ్బూ మాకు జీతం ఇవ్వలేదు. మేమూ అడగలేదు.

మొన్న ఎరువుల దుకాణం ఆయన కొడుకు, ఇంటర్ రెండో సంవత్సరం వాడు, హోటలుకే వచ్చి తండ్రితో “బాపూ, నేను కోచింగ్‌లోకి వెళ్తా” అన్నాడు. ఆయన ముఖం వెలిగింది. “నయీంనగర్‌లోనా, హైదరాబాదులోనా? ఎంత ఫీజు?” అన్నారు. మా ఊళ్ళో కోచింగ్ అంటే ఎప్‌సెట్, నీట్, గ్రూప్స్. ఆ మాటకు మరో అర్థం ఉందని అంగీకరించిన తండ్రిని నేను చూడలేదు. “ఫుట్‌బాల్ కోచింగ్ బాపూ” అన్నాడు పిల్లవాడు. రెండు గుటకల చాయ్ చల్లారింది. వ్యవహారం బెంచీల పరిశీలనకు వచ్చింది. ఆరు నెలలు కాదు, అరగంటలో తేల్చాం.

ముందుగా ఉద్యోగ స్వరూపం. ఫుట్‌బాల్ ఆటగాడి కొలువు ముప్పై అయిదేళ్ళకు అటూ ఇటూగా ముగుస్తుంది. మోకాళ్ళు పోతాయి, నోరు మిగులుతుంది. ఆ మిగిలిన అవయవంతో చేసే ఉద్యోగమే కోచ్ పదవి. ఇందులో పదోన్నతి ఎంత వేగంగా వస్తుందంటే, ఇటలీ మహా ఆటగాడు పిర్లోను 2020 జులై 30న అక్కడి యువెంటస్ క్లబ్బు వాళ్ళు తమ కుర్రాళ్ళ జట్టుకు కోచ్‌గా పరిచయం చేశారు. ఆగస్టు 8న అసలు జట్టే అప్పగించారు. తొమ్మిది రోజులు! కుర్రాళ్ళ జట్టు ఒక్క మ్యాచ్ ఆడితే ఒట్టు. ఈ మాట వినగానే, జూనియర్ అసిస్టెంటు నుంచి సీనియర్ అసిస్టెంటు కావడానికి పదకొండేళ్ళు పట్టిన పెద్దమనిషి గ్లాసు కింద పెట్టి లేచి వెళ్ళిపోయారు. అప్పటికి వరసగా తొమ్మిది లీగులు గెలిచిన యువెంటస్ ఆ ఏడాది నాలుగో స్థానంలో ఆగింది. పిర్లో ఇంటికి వెళ్ళారు. అది వేరే సంగతి.

రెండోది, గ్యారీ నెవిల్. మాంచెస్టర్ యునైటెడ్‌కే జీవితమంతా ఆడి, టీవీలో కూర్చుని ఎవరు ఎక్కడ తప్పు చేశారో గీతలు గీసి మరీ చూపించేవాడు. 2015 డిసెంబరులో స్పెయిన్‌లోని వాలెన్సియా జట్టు పగ్గాలిచ్చారు. బార్సిలోనా చేతిలో ఒకే మ్యాచ్‌లో ఏడు గోల్స్ తిన్నాక, నాలుగు నెలలు నిండకుండానే సాగనంపారు. ఆయన మళ్ళీ టీవీకి వెళ్ళి ఇప్పటికీ ఇతరుల తప్పులు చెబుతున్నాడు, జనం ఇప్పటికీ వింటున్నారు. ఈ ఒక్క ఉదాహరణ మా బెంచీలకు ఇచ్చిన ధైర్యం అంతా ఇంతా కాదు.

మూడోది తండ్రులకు ముఖ్యం: ఒప్పందం మధ్యలో తీసేస్తే, మిగిలిన కాలానికి సొమ్ము లెక్కగట్టి చేతిలో పెట్టి పంపుతారు. పని చేయనందుకు జీతం మనకూ తెలుసు. పని చేయవద్దని జీతం ఇవ్వడం పూర్తిగా వేరే నాగరికత.

“అన్నా, అసలు ఆడకపోతే?” అని అడిగారు దుకాణం ఆయన. అక్కడే ఉంది కీలకం. ఇటలీలో అరిగో సాకీ అనే ఆయన వృత్తిగా ఎన్నడూ ఆడలేదు. నాన్న ఫ్యాక్టరీ చెప్పులు, బూట్లు అమ్ముకునేవాడు. ఆయన కోచ్‌గా ఉండగా ఏసీ మిలాన్ 1989లో, 1990లో యూరప్ విజేత అయింది. పోర్చుగల్ కోచ్ మొరిన్యో దుబాసీ పనితో పైకొచ్చాడు. కాబట్టి పిల్లవాడు ఆడాల్సిన పనే లేదు. ఇది మా నగరానికి అతికినట్టు సరిపోయే వృత్తి. ఎందుకంటే ఆటగాడికి మైదానం కావాలి. మైదానంలో ఈ నెల ఎగ్జిబిషన్, వచ్చే నెల బహిరంగ సభ, దీపావళికి టపాసుల దుకాణాలు, మిగతా రోజుల్లో ఉదయపు నడక సంఘాల వారు, డ్రైవింగ్ నేర్చుకునే కార్లు. గోల్‌పోస్టుకు ఎవరిదో ఎద్దు కట్టేసి ఉంటుంది. గోల్‌కీపర్ల విభాగాధిపతిగా చెబుతున్నాను, దాన్ని దాటి గోల్ కొట్టడం కష్టం. కోచ్‌కు ఇవేవీ అడ్డం కావు. బెంచీ చాలు.

తీర్మానం దాదాపు ఆమోదం పొందింది. అప్పుడే పిల్లవాడు చెడగొట్టాడు. “రహీం సారులా కావాలి” అన్నాడు.

ఎవరీ రహీం? బీమా ఏజెంటు ఏ జట్టు అన్నాడు. పిల్లవాడు చెప్పుకుంటూ పోయాడు. సయ్యద్ అబ్దుల్ రహీం, హైదరాబాదు బడిపంతులు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకూ వరసగా ఐదుసార్లు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్ గెలిచింది. (“పోలీసుల మీద గోల్ కొట్టే ధైర్యం ఎవరికుంటుంది” అని లోకో పైలట్ గారు ఆ ఘనతను అక్కడికక్కడే కొట్టేశారు.) కుడికాలి వాటం పిల్లలకు ఎడమకాలితోనే ఆడాలని పోటీలు పెట్టేవారట. ఆయన శిక్షణలో 1951లో భారత జట్టు ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చింది. మరుసటి ఏడు హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడింది. మనవాళ్ళలో చాలామంది వట్టికాళ్ళతో ఆడారు.

పది గోల్స్! ఆయన్ను ఎన్నో గోలుకు తీసేశారని ఆత్రంగా అడిగాం. తీసేయలేదట. 1956 మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగో స్థానం దాకా వెళ్ళారట. 1962 జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి మళ్ళీ స్వర్ణం. అప్పటికే ఆయన ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ ఉంది. మరుసటి జూన్‌లో పోయారు.

బెంచీల మీద కాసేపు ఎవరూ మాట్లాడలేదు. పదమూడేళ్ళు ఒకే మనిషిని ఉంచడం వృత్తి ప్రమాణాలకు విరుద్ధమని నేనే సర్దిచెప్పాను.

పిల్లవాడు వదల్లేదు. “ఆడి, తర్వాత కోచ్ అయిన మనవాళ్ళూ ఉన్నారు, షబ్బీర్ అలీ ఉన్నారు కదా” అన్నాడు. ఈసారి అందరికీ తెలిసిన పేరే. “కామారెడ్డి నాయకుడే కదా!” అన్నారు ముక్తకంఠంతో. కాదట. ఈయన 1974లో బ్యాంకాక్‌లో ఇరాన్‌తో కలిసి ఆసియా యూత్ కప్ పంచుకున్న మన జట్టు ఆటగాడు, తర్వాత కోచ్‌గా గోవా జట్టు సల్గావ్‌కర్‌కు 1998-99లో జాతీయ లీగు గెలిపించాడు, 2011లో ధ్యాన్‌చంద్ పురస్కారం అందుకున్నాడు. ఇంత చరిత్ర ఉన్న మనిషి ఒక్కసారైనా ఎన్నికల్లో నిలబడి ఉంటే మాకు ఈ ఇబ్బంది వచ్చేది కాదు.

హైదరాబాద్ ఫుట్‌బాల్ క్లబ్బు, అదే హైదరాబాద్ ఎఫ్‌సీ సంగతి మటుకు అందరికీ గుర్తుంది, కొత్తది కాబట్టి. 2022 మార్చిలో గోవాలో కేరళ జట్టును పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) గెలిచింది. గెలిపించిన స్పెయిన్ కోచ్ మానోలో మార్కెజ్ గోవాకు మారాడు; 2024లో దేశానికీ కోచ్ అయ్యాడు, గోవా క్లబ్బు ఉద్యోగం వదలకుండానే. జట్టేమో 2025లో పేరు మార్చుకుని ఢిల్లీ చేరింది. ఫ్యాక్టరీ కపూర్తలాకు, జట్టు ఢిల్లీకి. మన చేతికందిన కోచ్ ఏదైనా సరే కాజీపేట జంక్షన్ మీదుగానే ఉత్తరానికి పోతుందని లోకో పైలట్ గారు టైమ్‌టేబుల్‌తో సహా వివరించారు.

ఆ వివరణ మధ్యలో బంతి ఒకటి దొర్లుకుంటూ వచ్చి మా బెంచీ కాలికి తగిలి ఆగింది. రోడ్డుకు అవతల, ఎగ్జిబిషన్ రేకులు ఎత్తేశాక మిగిలిన రవ్వంత జాగాలో, పీఈటీ సారు ఏడెనిమిది మంది పిల్లలతో చెయ్యి ఊపుతున్నారు. వాళ్ళ దగ్గరున్నది ఒక్కటే బంతిలా ఉంది. పదహారు మంది కోచ్‌లం దాన్ని చూశాం. గాలి తక్కువైందని ఒకరు, కుట్టు వదిలిందని ఒకరు గమనించారు. ఎరువుల దుకాణం వారి అబ్బాయి అప్పటికే రోడ్డు దాటేసి సారు పక్కన నిలబడ్డాడు.

గల్లా దగ్గర కూర్చున్న హోటలు యజమాని కూతురు చిల్లర డబ్బా మూసి వచ్చింది. బంతిని రెండడుగులు ముందుకు జరుపుకుని, ఆటోకూ బస్సుకూ మధ్య ఖాళీ చూసి, ఎడమకాలితో తన్నింది. అది తిన్నగా వెళ్ళి సారు పాదాల దగ్గర ఆగింది.

ఆమె నిలబడిన తీరులో మూడు లోపాలున్నాయని మేం ఏకగ్రీవంగా తేల్చాం.